ఆగితే కాగే బండి

డ్రైవర్‌ని బార్బర్ షాపులో కాల్చారు. ముఖం నిండా సబ్బు నురగ, మెడ చుట్టూ తెల్లగుడ్డ, కళ్ళు మూసుకుని ఉన్నాడు. బార్బర్ కత్తి నూరుకోవడానికి అటు తిరిగి మళ్ళీ ఇటు తిరిగేసరికి నురగ ఎర్రబడింది. పక్క కుర్చీలో కునుకు తీస్తున్నాయనకి మెలకువ కూడా రాలేదు. పిస్టల్‌కి సైలెన్సర్ ఉంది.

ఆ కబురు ఏజెంట్ ‘నత్త’కి చేరింది. నిదానస్తుడని కాదు, పట్టుకున్నచోటు వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. అందరూ బాబాయ్ అని పిలిచే చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది.

“డ్రైవర్ పోయాడు. బండి నువ్వు తోలు.”

“ప్యాసెంజర్ ఎవరు?”

“మీ అక్క.”

 అక్క ఏళ్ళ కిందట ‘ఏడో అంతస్తు’ అనే విదేశీ ముఠా కంపెనీలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరింది, డిపార్ట్‌మెంట్ తరఫునే. గుమ్మంలో “వెళ్ళొస్తాన్రా” అని వెళ్ళిన మనిషి మళ్ళీ కనబడలేదు. ఫోన్ మోగితే చాలు, ఆమె శవం కబురేనేమో అని నత్త ఇన్నేళ్ళూ ఉలిక్కిపడుతూనే ఉన్నాడు. ఇప్పుడు అక్కడి నుంచి తప్పించుకుని వచ్చింది. ముఠాకి అమ్ముడుపోయిన పెద్దమనుషులెవరో గొంతులతో సహా ఆమెకి తెలుసు. సాయంత్రంలోగా విచారణ కమిషన్ ముందు నోరు విప్పాలి.

తోడుగా ‘నెమలి’ వస్తుందన్నాడు బాబాయ్. ముఠాలో ఉంటూ వాళ్ళ రహస్యాలు మనకి చేరవేసే డబుల్ ఏజెంట్. కారు సర్వీసింగ్ చేయించి తెచ్చింది కూడా ఆమే. కోడ్ మాట: నీళ్ళు కాగాయా? గోరువెచ్చగా ఉన్నాయంటే క్షేమం. కాగాయంటే మనలోనే ద్రోహి ఉన్నట్టు.

నెమలి ముందు సీట్లో కూర్చుంది. పచ్చని పట్టు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, హ్యాండ్‌బ్యాగ్‌లో లిప్‌స్టిక్ పక్కనే రివాల్వర్. వెనక సీట్లో అక్క. జుట్టు సగం నెరిసింది. తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, “ఏరా, తిండి మానేశావా?” అంది. అంతకంటే మాట్లాడితే ఏడుపొస్తుందని ఇద్దరికీ తెలుసు.

ఊరు దాటగానే వెనక రెండు మోటార్ సైకిళ్ళు పడ్డాయి. మొదటి తూటా వెనక అద్దాన్ని పొడి చేసింది. అక్కని సీటు కిందికి దిగమని చెప్పి నత్త స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పాడు. పక్కకొచ్చిన బండిని కారు తలుపుతో గుద్దితే ఆ మనిషి రోడ్డు మీద పల్టీలు కొట్టాడు. లేచి నిలబడబోయిన వాణ్ణి నెమలి కిటికీలోంచి కాల్చింది, నుదుటి మధ్యన. తర్వాత అద్దం తీసి జుట్టు సవరించుకుంది. రెండో వాడు వెనకబడిపోయాడు. హెల్మెట్ మీద తెల్లచార ఉందన్నది మాత్రం నత్త చూసుకున్నాడు. ఇంకో సంగతి కూడా మనసులో ముల్లులా దిగింది. ఒక్క తూటా కూడా టైర్ల జోలికి రాలేదు.

రైల్వే గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. అక్కడ టెంపరేచర్ ముల్లు పైకి పాకింది. తూటా రేడియేటర్‌కి తగిలిందేమోనని నత్త దిగి బండి కిందికి వంగి చూశాడు. నీళ్ళు కారడం లేదు. ఈలోగా నెమలి చెయ్యి చాచి హీటర్ ఫుల్‌గా తిప్పింది. మండుటెండలో హీటరేమిటమ్మా అని అక్క విసుక్కుంటే, ఇంజన్ వేడి అటు లాగేసుకుంటుందట, ఎక్కడో విన్నానంది. ఆమె పెదవి మీద చెమట చుక్క పూసింది. గేటు ఎత్తారు. బండి వేగం అందుకోగానే ముల్లు బుద్ధిగా కిందికి దిగింది.

కమిషన్ భవనం ముందరి కూడలిలో నెమలి దిగిపోయింది. కమిషన్ వాళ్ళ కళ్ళబడితే తన వేషం బయటపడుతుందట. దిగుతూ హీటర్ కట్టేసి, “వెళ్తాను” అంది.

భవనం కింద పార్కింగ్‌లోకి దిగే వాలు మీద కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. నత్త వరసలో చేరాడు. వెనక ఇంకో రెండు కార్లు వచ్చి ఆగాయి.

“అదేం మాటరా ఆ పిల్లది?” అంది అక్క వెనక నుంచి. “వెళ్తానంటుందేం? మళ్ళీ రానట్టు.”

నత్త చెయ్యి గేరు మీదే ఆగిపోయింది. నెమలి ఎప్పుడూ వెళ్ళొస్తాననే అనేది. ఈ రోజు మళ్ళీ కలిసే పని లేదు గనక నోరు జారింది. తను ఉన్నంతసేపూ హీటర్ వేసి, దిగేటప్పుడు కట్టేసింది. ముల్లు మళ్ళీ పాకుతోంది.

పరుగెత్తితే చల్లగా ఉండి, ఆగితే కాగుతోందంటే రేడియేటర్ బాగానే ఉంది, పంపూ బాగానే ఉంది. ఎదురుగాలి చేసే పనిని ఆగినప్పుడు చెయ్యాల్సిన ఫ్యాన్ తిరగడం లేదు. బండి కదిలే ముందు బానెట్ ఎత్తి చూడనిదే కూర్చోని అలవాటు చచ్చిపోయిన డ్రైవర్‌ది. ఆ అలవాటే అతని ప్రాణం తీసింది.

నత్త హీటర్ మళ్ళీ ఫుల్‌గా తిప్పి, దిగి బానెట్ ఎత్తాడు. ఫ్యాన్ రెక్కలు చలనం లేకుండా ఉన్నాయి. వేడెక్కగానే ఫ్యాన్‌ని తిప్పాల్సిన స్విచ్ నుంచి తీగ కోసేసి, బ్యాటరీ కింద ఇరికించిన నల్లపొట్లానికి కలిపారు. ముల్లు ఎర్రగీత తాకితే పేలుడే. ఏ తీగ తెంపినా పేలేలా పైన సన్నటి వల అల్లారు. పైన అంతస్తులో కమిషన్, వెనక సీట్లో సాక్షి, చుట్టూ కార్లలో జనం. బండి ఇక్కడిదాకా చేరాలనే టైర్ల జోలికి రాలేదు.

వెంటనే దిగి పారిపొమ్మని అక్కతో చెప్పాడు. ఆమె డ్రైవర్ సీట్లోకి మారింది. “ఒకసారి నిన్ను వదిలి వెళ్ళాను. ఇంక నా వల్ల కాదు. ఇంజన్ ఆపనా?”

“ఆపకు. నీళ్ళు తిరగడం ఆగితే ఇంకా కాగుతుంది. ముల్లు చూసి చెబుతూ ఉండు.”

“ఎక్కుతోంది.”

ఫ్యాన్‌కి కరెంటు నేరుగా ఇవ్వాలి. నత్త చేతి గడియారం మీట లాగాడు. గొంతులు బిగించడానికి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఉక్కు తీగ బయటికొచ్చింది. దాన్ని పేటలు వేసి పురి పెడుతుండగా వెనక నుంచి మోచెయ్యి గొంతుకు చుట్టుకుంది. తెల్లచార హెల్మెట్ వాడు నత్త తలని ఇంజన్ మీదికి వంచాడు. మెడ పక్కన కత్తి దిగింది. వెచ్చటి రక్తం వేడి ఇనుము మీద పడి సుయ్యిమంది.

“గీతకి దగ్గరవుతోందిరా.” టెలిఫోన్‌లో లైను కలుపుతున్నంత నిబ్బరంగా ఉంది అక్క గొంతు.

నత్త విదిలించుకునేసరికి కత్తి జారి ఫ్యాన్ రెక్కల మధ్య పడింది. దాని కోసం వాడు చెయ్యి దూర్చాడు. నత్త తీగ ఒక కొసని బ్యాటరీకి చుట్టి, రెండో కొసని ఫ్యాన్ మోటార్‌కి ఆనించాడు. ఫ్యాన్ గిర్రున లేచింది. కత్తి ఎగిరి గోడకి తగిలింది. దాంతోపాటు వాడి వేళ్ళు కూడా. నత్త రెండో చేత్తో వాడి హెల్మెట్ ఊడబెరికి, ఎర్రగా కాలుతున్న ఎగ్జాస్ట్ గొట్టం మీదికి ముఖం అదిమాడు. కేక ఆగేదాకా వదల్లేదు.

“ఆగింది,” అంది అక్క. “గీతకి వెంట్రుకవాసి కింద.”

తీగ నత్త వేళ్ళని కాలుస్తోంది. వదిలితే ఫ్యాన్ ఆగుతుంది. అప్పుడే వాలు పైనుంచి మడమల చప్పుడు వినిపించింది. పేలుడు ఇంకా వినిపించలేదేమని వెతుక్కుంటూ వచ్చింది నెమలి, చేతిలో రివాల్వర్‌తో.

“చెయ్యి తియ్యి, నత్తా.”

“తీస్తే నీ స్కార్ఫ్ పాడవుతుంది.”

ఆమె నవ్వి, గురి తప్పకుండా వెనక్కి నడవసాగింది, పేలుడు అందని దూరానికి. కళ్ళన్నీ నత్త చేతి మీదే ఉన్నాయి. ఎత్తిన బానెట్ వెనక డ్రైవర్ సీటు ఖాళీ అయిందని గమనించలేదు. రివాల్వర్ పేలింది, నత్త భుజం చీలింది, చెయ్యి మాత్రం కదల్లేదు. రెండో తూటాకి ముందే వీల్ స్పానర్ ఆమె నడినెత్తి మీద దిగింది. మళ్ళీ దిగింది. అక్క ఎన్నేళ్ళ భయాన్ని దించుకుందో ఆమెకే తెలియాలి.

పచ్చ స్కార్ఫ్ ఎర్రబడింది. నెమలి నేల మీద నుంచి నత్తని చూసి, రక్తం నిండిన పెదాలతో ఎగతాళిగా, “వెళ్ళొస్తా” అంది.

“రానక్కర్లేదు,” అన్నాడు నత్త. ఆమె కళ్ళు అలాగే నిలిచిపోయాయి.

బాంబ్ స్క్వాడ్ వచ్చి పొట్లం విప్పేదాకా అతను తీగ వదల్లేదు. తర్వాత వేళ్ళ నుంచి తీగని వలిచి తియ్యాల్సి వచ్చింది. అక్కని లోపలికి తీసుకెళ్ళడానికి గార్డులు వచ్చారు. సాక్ష్యం అయ్యాక ఆమెని ఏ ఊళ్ళో దాస్తారో తమ్ముడికి కూడా చెప్పరు. లిఫ్ట్ తలుపు మూసుకోబోతుంటే కాలు అడ్డం పెట్టి వెనక్కి తిరిగింది.

“వెళ్ళొస్తాన్రా. తిండి మానకు.”

తలుపు మూసుకుంది. నత్త దాన్నే చూస్తూ నిలబడ్డాడు. జేబులో ఫోన్ మోగింది. ఈసారి ఉలిక్కిపడలేదు.

“అబ్బాయ్, నీళ్ళు కాగాయా?”

“కాగాయి బాబాయ్,” అన్నాడు నత్త. “పొంగలేదు.”