జిలాని గుహ

టీ బంకు గోడమీద జిలాని తీసిన ఫోటో చూడగానే ఓబులేసు కడుపు భగ్గుమంది. గండికోటకు వచ్చిన ప్రతివాడూ ఒకే బండమీద నిలబడి పెన్నా లోయను తీస్తాడు. ఓబులేసూ ఏళ్లుగా అదే తీసి అమ్ముకుంటున్నాడు. జిలాని మాత్రం ఏదో గుహలోంచి తీశాడు. నల్లని రాతి నోట్లో ఎర్రటి లోయ! చోటెక్కడని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఈసారి కూడా ఉత్సవాల పోస్టరు మీదికి వాడి ఫోటోయే ఎక్కితే ఊళ్లో తలెత్తుకోవడం ఎలా?

కళ్లలో నిప్పులు పోసుకుని చూడగా చూడగా, ఫోటో మూలన వేలాడే జువ్వి వేరు కనిపించింది. అది పడమటి కోటగోడ కింద ఉన్నదే!

"దొరికినాడు!" అని అరిచి, భార్య సుంకులమ్మను వెంటబెట్టుకుని పరుగు తీశాడు. మోకు ఒక కొస బండకు, ఇంకో కొస నడుముకు బిగించి లోయలోకి దిగాడు.

"బద్రం మామా! ఆ యప్ప మీద కుళ్లుతో పాణం మీదికి తెచ్చుకోవాకు!" సుంకులమ్మ పైనుంచి కేకేసింది.

"నువ్వు మోకు చూసుకోమే, చాలు!"

కాళ్లకింద రాళ్లు జారాయి. మోచేతులు గీరుకుపోయాయి. ఎట్టకేలకు గుహలోకి పాకి, వెనుదిరిగి కెమెరా ఎత్తాడు. అదే నల్లని నోరు, అదే ఎర్రటి లోయ. ఎటు జరిగినా, ఎంత వంగినా జిలాని ఫోటోయే వస్తోంది! ఓబులేసుకు ఏడుపు తన్నుకొచ్చింది. అక్కసు పట్టలేక రాయి తీసి గుహ కప్పుకేసి కొట్టాడు.

జుమ్మని తేనెటీగలు లేచాయి.

"లాగు మే! లాగు!" బయటికి దూకి గాల్లో గిరగిరా తిరిగాడు. చెంప మీద ఒకటి, చెవి మీద ఒకటి కుట్టనే కుట్టాయి.

సుంకులమ్మ గొంతు చించుకుంది. బండమీది జనమంతా పరుగెత్తుకొచ్చి మోకు పట్టారు. ఓబులేసు తలెత్తి చూశాడు. ఆకాశానికి అంటిన రాతిగోడ, దాని అంచున వంగిన ముఖాలు, నట్టనడుమ నరాలు పొంగేలా లాగుతున్న జిలాని. గండికోటను ఇంతవరకూ ఎవరూ ఇలా చూడలేదు!

"కెమెరా ఇడ్సి చెయ్యందియ్ ఓబులేసన్నా!" జిలాని అరిచాడు.

ఓబులేసు ముందు క్లిక్కుమనిపించి, ఆ తర్వాతే చెయ్యందించాడు.

ఇంటికెళ్లి ఫోటోలోంచి జిలానిని తీసేయాలని తెల్లవార్లూ తంటాలు పడ్డాడు. వాడు లేకపోతే మిగిలేది వట్టి రాయే. పళ్లు నూరుతూ ఉన్నదున్నట్టే పోస్టరు పోటీకి పంపాడు.

ఓబులేసు గెలిచాడు. ఉత్సవాలకు కోట దారి పొడుగునా నిలువెత్తు పోస్టర్లు వెలిశాయి. అన్నింట్లోనూ జిలానియే.