ఇరుసులో ఇసుక

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని తిరుమలరావు మేస్త్రి షెడ్డు ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు జగన్నాధం. ఆమదాలవలస రోడ్డు మీది ఆ షెడ్డులో ఆయన పాత జీపు ముందు చక్రాలు రెండూ ఊడదీసి, జాకీల మీద నిలబెట్టి ఉంది. పని మేస్త్రిది, కాపలా జగన్నాధానిది. కొత్త బేరింగు అట్టపెట్టెలో పాతది పెట్టి బిగించేస్తాడేమోనని ఆయన బెంగ. పాలవాడు పాలల్లో నీళ్ళు పోస్తాడని లోకమంతా అనుమానిస్తే, ఆ నీళ్ళు ఏ చెరువువోనని అనుమానించే రకం మన జగన్నాధం.

నడుం పట్టేసి, డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దన్నప్పటి నుంచీ, అంటే రెండేళ్ళుగా, జీపు నడుపుతున్నది ఆయన భార్య తులసి. సోమవారం ఊళ్ళోవాళ్ళని సీతంపేట సంతకి తీసుకెళ్ళి తెస్తుంది. గురువారం కొండ కింద ఊళ్ళకి ఏదో కిరాయి ఉందని ఒక్కతే వెళ్తుంది. సాయంత్రానికి కిరాయి డబ్బులు తెచ్చి మొగుడి చేతిలో పెడుతుంది. ఈ మధ్య జీపు ముందు భాగం ఊగిపోతోంది, స్టీరింగు చేతిలో నిలవడం లేదు అంటే మేస్త్రికి అప్పజెప్పారు.

"బావా, ఓపాలి ఇలా రా," అని పిలిచాడు మేస్త్రి. "బరువు మోసే కమాను పట్టీలు రెండు ఇరిగిపోనాయి. బుష్షులు పోనాయి, బేరింగులు పోనాయి. ఎందుకు పోనాయో ఇది సూడు."

చక్రం వెనక ఇరుసు చివర్నుంచి గ్రీజు వేలితో తీసి గుడ్డమీద రాశాడు. నల్లటి గ్రీజులో తెల్లటి ఇసుక. ఇసుకలో చిన్న గవ్వ ముక్క.

"కొండమట్టి ఎర్రగుంటాది. ఇది సముద్రం ఇసక. రబ్బరు సీలు కోసీసుకుని లోపలికెలిపోయింది. ముందు చక్రాల గేరు కూడా ఏసి, ఇసకలో ఏదో బరువు లాగుతన్నారు బావా. ఒక రోజు పని కాదిది, ఏడాది పని."

జగన్నాధం టీ గ్లాసు కింద పెట్టేశాడు. "తులసికి సముద్రంతో ఏటి పని?"

"నన్నడిగితే ఏటి సెప్తాను? నాను బేరింగులు సరిచేస్తాను గానీ కాపరాలు సరిచెయ్యను," అని మేస్త్రి మళ్ళీ జీపు కిందకి దూరిపోయాడు.

అంతే, ఇంటికొచ్చేదాకా జగన్నాధానికి ఒకటే ఆలోచన. గురువారం తులసి గుమ్మంలో అడుగుపెట్టకుండా తిన్నగా నూతి దగ్గరకెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంది, ఎందుకు? చీర కుచ్చిళ్ళు తడిసుంటాయి, ఎందుకు? ఆ రోజు మాత్రమే కూనిరాగం తీస్తుంది, ఎవరి కోసం? ఇరవై రెండేళ్ళ కాపరం అరచేతిలో గవ్వ ముక్కంత అయిపోయింది ఆయనకి.

తులసి వసారాలో చేటతో బియ్యం చెరుగుతోంది.

"గురువారం ఎక్కడికెల్తన్నావు?"

"కిరాయికి."

"కొండ కిందికి సముద్రం ఎప్పుడొచ్చింది?"

చేట ఆగిపోయింది. తులసి తలెత్తలేదు.

"ఎవుడాడు?" అని అరిచాడు జగన్నాధం. పక్కింటి కిటికీ తెరుచుకున్న చప్పుడు వినిపించినా ఆగలేదు. "సెప్పు! ఎవుడి కోసం ఎల్తన్నావు?"

తులసి అప్పుడు చూసింది ఆయనకేసి. కళ్ళల్లో నీళ్ళున్నాయి. "నిరుడు మీ అమ్మనీ ఇలాగే నలుగుర్లో నిలబెట్టి అడిగావు మావా."

జగన్నాధం పక్కింటి కిటికీకేసి చూశాడు.

నిరుడు పొలం పాస్ పుస్తకం కనబడలేదు. ఇల్లంతా వెతికి, చివరికి కన్నతల్లి కూర్మమ్మ మీద పడ్డాడు. వైజాగులో ఉన్న నీ కూతురికి పొలం రాసియ్యడానికి నువ్వే ఇచ్చేశావన్నాడు. ముసలావిడ ఇవ్వలేదనీ అనలేదు, ఇచ్చాననీ అనలేదు. కట్టుబట్టలతో బస్సెక్కేసింది. పుస్తకం ఇప్పటికీ దొరకలేదు. తల్లి కూతురి దగ్గర ఉండే ఉంటుందనుకుని ఈయన వెళ్ళనూలేదు, ఫోను చెయ్యనూలేదు.

"ఆవిడ ఎలిపోయింది. రేపు నానూ ఎలిపోతే, ఈ ఇంట్లో ఎవుల్ని అనుమానిస్తావు?" అంది తులసి. "జీపు బాగవనీ. గురువారం నువ్వూ ఎక్కు. ఎవుడో నీ కళ్ళతోనే సూద్దువు గాని."

గురువారానికి కొత్త కమాన్లు, కొత్త బేరింగులతో జీపు సిద్ధమైంది. తులసి స్టీరింగు పట్టుకుంటే గతుకుల్లో కూడా గీత గీసినట్టు పోయింది. శ్రీకాకుళం దాటి బండి సముద్రపొడ్డు కళింగపట్నం దారి పట్టేసరికి జగన్నాధం సీటు అంచుకి జరిగి కూర్చున్నాడు. అబద్ధమైతే బాగుండునని ఒకసారి, నిజమైతే ఏం చెయ్యాలని ఒకసారి అనుకున్నాడు.

ఒడ్డున బండి ఆగీ ఆగగానే ఒక కుర్రాడు నవ్వుతూ పరిగెత్తుకొచ్చాడు. "తులసప్పా! వారమంతా నీ కోసమే సూస్తన్నాం!"

జగన్నాధం నడుం నొప్పి కూడా మరిచి జీపులోంచి దూకి వాడి చొక్కా పట్టుకున్నాడు. "వీడేనా?"

కుర్రాడు బిత్తరపోయాడు. వాడి చేతిలో లావుపాటి తాడుంది. వాడి వెనక నీళ్ళంచున పడవ, పడవ చుట్టూ పదిమంది జాలర్లు.

"ఆణ్ణొదులు మావా. పడవలు పైకి లాగినందుకు వీళ్ళిచ్చేదే నీ చేతిలో పెడతన్న కిరాయి. నాను వచ్చేది మాత్రం పడవల కోసం కాదు. అటు సూడు."

కొంచెం ఎగువన ఇసుకలో పరిచిన వలల మీద చేపలు ఎండుతున్నాయి. నెత్తిన కొంగేసుకుని ఒక ముసలావిడ వంగి వాటిని తిరగేస్తోంది. ఆ వంగడం జగన్నాధానికి తెలుసు. చిన్నప్పటి నుంచీ చేలో చూసిన వంపు అది.

"అమ్మా!"

కూర్మమ్మ తిరిగి చూసింది. చిక్కిపోయింది. చేతులు ఉప్పుకి పగిలిపోయాయి.

"ఏరా జగ్గా, నా కోసం వచ్చావా?"

జగన్నాధం తులసికేసి చూశాడు. తులసే చెప్పింది. "ఇరుసులో ఇసక ఎక్కడిదో సూద్దామని వచ్చాడత్తా."

"అదీ! కన్నతల్లి ఏడాది కనపడకపోతే రాలేదు. సిటికెడు ఇసక కనపడితే పరిగెట్టుకొచ్చాడు."

"సెల్లి దగ్గరున్నావనుకున్నానమ్మా..."

"దానింటికెల్తే పుస్తకం నిజంగా నానే ఇచ్చీసినాననుకుందువు. అందుకే ఎల్లలేదు. నా సిన్ననాటి నేస్తురాలు ఇక్కడుంటే వచ్చీసినాను. కూలికి సేపలు తిరగేస్తన్నాను. నీ పెళ్ళానికి మాత్రం కబురంపి, నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

కొడుకు అనుమానం నిజమనిపించకూడదని ఈ ముసలిది కూతురి గడప కూడా తొక్కలేదు! జగన్నాధం ఇసుకలో చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కూర్మమ్మ ఓదార్చలేదు. ఇంకో చేప అందుకుని అడిగింది.

"పుస్తకం దొరికిందా?"

"లేదు."

"మరి?"

"దొరక్కపోనీ. నువ్వు తియ్యలేదమ్మా. నువ్వు తియ్యవు."

ఆవిడ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. "ఈ ముక్క నీ నోట్లోంచి రాడానికి ఏడాది పట్టిందిరా," అంది.

"ఇంటికి పద అమ్మా."

"రాను. నీ మీద నాకు అనుమానంగా ఉంది. రేపు కత్తెర పోతే మళ్ళీ నన్నే అంటావు."

జగన్నాధం కళ్ళు తుడుచుకుని భార్యకేసి తిరిగాడు. ఆమె మొహంలోకి సూటిగా చూడ్డానికి సిగ్గేసింది. "తులసీ, తప్పయిపోయింది. నువ్వు జీపు తీసుకుని ఎల్లు. నాను అమ్మతోనే వస్తాను. నాలుగు రోజులైనా సరే, నాలుగు నెలలైనా సరే."

తులసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. జగన్నాధం తల్లి పక్కన గొంతుక్కూర్చుని ఒక చేపని అటూ ఇటూ చూసి, మెల్లిగా తిప్పాడు.

"అలా కాదురా, తోక ఇరిగిపోతాది," అంది కూర్మమ్మ. పగిలిన వేళ్ళతో కొడుకు మణికట్టు పట్టుకుని ఎలా తిప్పాలో చూపించింది.