ఉప్పు బస్తాల కుటుంబం

అమెరికాలో ఉత్తరాన ఉన్న మిన్నెసోటాలో సరస్సుల మీద మంచు కరిగిందంటే బోట్ల షాపులకు ఊపిరాడదు. పిల్లాపాపలతో వచ్చి, మెత్తటి సీట్ల మీద ఎగిరి, ఐస్‌క్రీం మరకలు అంటించి పోయేవాళ్లను చూస్తూ, అలాంటి ఒక షాపులో బోట్లు అమ్మే బ్రిట్టా రోజంతా నవ్వుతూనే ఉండేది. నవ్వడం ఆమె ఉద్యోగం. మధ్యాహ్నం షాపు వెనక మెట్ల మీద ఒక్కతే కూర్చుని సాండ్‌విచ్ తినడం ఆమె సొంత వ్యవహారం.

ఒక శనివారం ఆ షాపులోకి ఆర్లో వచ్చాడు. స్కూలు బస్సులు బాగుచేసే మెకానిక్కు. కుటుంబంతో షికార్లకు బోటు కావాలన్నాడు. ఎంతమంది అని అడిగితే కాసేపు నీళ్లు నమిలి, ఎనిమిదిమంది అన్నాడు.

బ్రిట్టా పదిమంది దాకా కూర్చోగల వెడల్పాటి డెక్ బోట్లు రెండు చూపించింది. ఒకే పొడవు, ఒకే ఇంజిను. ఒకదాంట్లో ముందు సీట్లు ఎదురెదురుగా ఉన్నాయి, రెండోదాంట్లో పక్కపక్కన. కవలల్లో ఎవరు అందగాడో తేల్చమన్నట్టుంది వ్యవహారం. ఆర్లో తేల్చలేక మరుసటి శనివారం మళ్లీ వచ్చాడు. ఆ పై శనివారమూ వచ్చాడు. బ్రిట్టా కూడా తక్కువదేం కాదు, అతను వచ్చేసరికి కొత్త తేడా ఒకటి వెతికి సిద్ధంగా పెట్టుకునేది. ఈత కొట్టేవాళ్లు ఎక్కే నిచ్చెన గురించే ఒకరోజు అరగంట మాట్లాడుకున్నారు.

కొనేముందు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని సరస్సులో ఒక చుట్టు తిరగాలన్నది ఆ షాపు పద్ధతి. నిండు బరువుతో బోటు ఎలా నడుస్తుందో తెలియాలి కదా. అలా తిరగాల్సిన రోజున ఆర్లో తన ట్రక్కులో ఉప్పు బస్తాలు వేసుకొచ్చాడు. ఇంట్లో నీళ్ల కాఠిన్యం తగ్గించే యంత్రంలో పోసే ఉప్పు, బస్తా పద్దెనిమిది కిలోలుంటుంది. మనుషులకు బదులు వాటిని సీట్లలో కూర్చోబెట్టాడు.

"అందరికీ పనులున్నాయండి," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "ఇదిగో, మా అన్నయ్య. లావుపాటివాడు, అయిదు బస్తాలు."

"మరి మీ వదినగారు?"

"ఆవిడ డైటింగులో ఉంది. మూడు చాలు."

బ్రిట్టా పగలబడి నవ్వింది. అది ఉద్యోగం నవ్వు కాదు.

సరస్సు మీద ఎదురైన బోటువాళ్లకు చెయ్యూపడం అక్కడి మర్యాద. ఒక బోటు నిండా పిల్లలు కేరింతలు కొడుతూ చేతులూపారు. ఆర్లో కూడా ఊపాడు. వాళ్లు కనుమరుగయ్యాక కూడా ఆ చెయ్యి దించలేదు. ఇతనికి ఎవరూ లేరని బ్రిట్టాకు అప్పుడు అర్థమైంది. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ వారంలోనే యజమాని డ్వెయిన్ రెండు బోట్లలో ఒకటి ఎవరికో అమ్మేశాడు. ఇక పోల్చి చూడడానికి ఏమీ లేదని బ్రిట్టాకు అర్థమైంది. మిగిలింది కొన్నా ఆర్లో ఇక రాడు, కొనకపోయినా రాడు. శనివారం పొద్దుటినుంచి కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

షాపు మూసే వేళకు అతను వచ్చాడు. ఖాళీ అయిన చోటు చూసి నిలబడిపోయాడు.

"ఇక ఎంచుకోవడం సులువే," అంది బ్రిట్టా నీరసంగా.

"నాకు ఇంట్లో ఎవరూ లేరండి," అన్నాడు ఆర్లో. "అన్నయ్య అలాస్కాలో ఉంటాడు, మాటల్లేవు. అమ్మ మొన్నటి చలికాలంలో పోయింది. పెద్ద బోటుంటే ఎవరో ఒకరు వస్తారనిపించింది."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆ పిల్లలకు చెయ్యూపారు చూడండి, అప్పటినుంచి."

"మరి అడగలేదేం?"

"అడిగితే రావడం మానేస్తారని. నాకు మాత్రం మీ శనివారాలు తప్ప ఏమున్నాయి?"

ఆర్లో టోపీ తీసి చేతుల్లో నలుపుకున్నాడు. తన దగ్గర చేపలు పట్టే పాత బోటు ఒకటుందని, ఇద్దరు పడతారని, ఇన్నాళ్లూ ఒక్కడే తిప్పుతున్నానని చెప్పాడు. రేపు వస్తారా అని అడిగాడు.

బ్రిట్టా తలూపింది. అతను సంతోషం పట్టలేక తలుపు దాకా వెళ్లిపోయి, ఎన్నింటికో చెప్పలేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. అప్పటికే ఆమె కోటు తొడుక్కుని షాపు దీపాలు ఆర్పుతోంది.

"ఇంకా వెలుతురుంది కదా," అంది. "రేపటిదాకా ఎందుకు?"