గెలిచినవాడి అప్పీలు

సిరుగుప్ప నుంచి బళ్లారి పోయే బస్సులో ఆ పొద్దున ఒక్క సీటే ఖాళీగా ఉంది. దాని పక్కన మేఘన కూర్చుని ఉంది. చక్రధర్ కేసు వేసింది వాళ్ల అంగడి మీదే.

మేఘన తండ్రి శంకరనారాయణ ఎరువులు, పురుగుమందులు అమ్ముతాడు. ఆయన అంగడి నుంచి చక్రధర్ జీతగాడు కనకప్ప తెచ్చిన గడ్డిమందు గడ్డితో తృప్తిపడక, మడిగట్టు మీది పద్నాలుగు కానుగ చెట్లనూ చంపేసింది. అవి నాటింది చక్రధర్ తల్లి హనుమక్క. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు కొడుకు వినియోగదారుల కమిషన్‌కు పోయాడు.

"కూర్చోండి. బళ్లారి దాకా నిలబడితే కాళ్లనొప్పులకు కూడా మా మీదే కేసేస్తారు," అంది మేఘన.

కూర్చున్నాడు.

"చెట్లు ఎండకు చచ్చినాయని రాసినాడు మీ లాయర్. ఇన్నేండ్లు ఎండ లేదా ఈడ?"

"అది కమిషన్లో అడగండి. నన్నడిగితే ఇవి తినండి అంటా." శనక్కాయల పొట్లం ముందుకు జరిపింది.

శత్రువు సొమ్ము తినకూడదనుకుంటూనే చక్రధర్ సగం ఖాళీ చేశాడు.

ఆ రోజు కేసు వాయిదా పడింది. మళ్లీ పడింది. వాయిదా పడితే సంతోషించే ఫిర్యాదుదారును బళ్లారిలో ఎవరూ చూసి ఉండరు. ఇస్త్రీ చొక్కాతో బస్టాండు చేరి, ఆమె వచ్చేదాకా బస్సులు వదిలేసేవాడు. "చెట్లంటే నా కొడుక్కి ఎంత ప్రేమనో," అని హనుమక్క ఊరంతా చెప్పుకుంది.

నాలుగో వాయిదాకు మేఘన వానలో తడిసి బస్సెక్కింది. "ఆ మందు డబ్బా ఫోటో ఉండాదా?"

చూపించాడు. ఫోను చేతిలోకి తీసుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది.

"కనకప్ప అడిగింది ఇది కాదు. అది అయిపోయింటే నేనే ఇది ఇచ్చినా. బీడులో కంపచెట్లు చంపే మందు. వేర్లలోకి దిగుతాది. బిల్లులో ఉత్త గడ్డిమందు అని రాసినా."

గెలుపు ఒళ్లో వచ్చి పడింది. చక్రధర్‌కు అది ఏమాత్రం నచ్చలేదు.

"సుమ్నె ఉండు. నువ్వు చెప్పొద్దు, నేనూ చెప్పను," అన్నాడు.

"మీ అమ్మకు ఏం చెప్తావ్? ఎండకు చచ్చినాయనా?"



కమిషన్ ముందు వాళ్ల లాయర్ ఎండ గురించి మొదలుపెట్టగానే మేఘన లేచింది. "ఎండ కాదు సార్. తప్పు మందు ఇచ్చింది నేను. చెట్ల దగ్గర కొట్టొద్దని కూడా చెప్పలే."

లాయర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. శంకరనారాయణ వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు. పరిహారంతో పాటు మొక్కలూ తామే నాటిస్తామని ఒప్పుకున్నాడు.

తీర్పు వచ్చిన రోజు చక్రధర్ మొహం వేలాడేసుకుని తన లాయర్ కొట్రేశ్‌ను అడిగాడు: "అప్పీలు చేయొచ్చునా?"

"గెలిచినోడు అప్పీలు ఏందప్పా?"

"ఇంకో రెండు వాయిదాలైనా..."

బస్టాండు వైపు నడుస్తున్న మేఘనను కొట్రేశ్ చూశాడు. "దానికి ఈ కోర్టు కాదు. పో, బస్సు పోతాది."

పరిగెత్తి ఎక్కాడు.

"కేసు అయిపాయ. నిన్ను చూడల్లంటే ఇంక యాడికి రావల్ల?"

"అంగడికి రా," అంది మేఘన, నవ్వు దాచుకుంటూ. "మందు మాత్రం అడగొద్దు."

ఆదివారం తండ్రీకూతుళ్లు మొక్కలతో గట్టు మీదికి వచ్చారు. హనుమక్క మేఘనను ఎగాదిగా చూసింది.

"చెట్లు చంపింది నువ్వేనా?"

"నేనే అత్తా."

చక్రధర్ చేతిలో పార జారింది. హనుమక్క కొడుకును చూసింది, ఆ పిల్లను చూసింది. ఇస్త్రీ చొక్కాల సంగతి ఇప్పుడర్థమైంది.

"తప్పు ఒప్పుకునే మనిషి మా ఇంట్లో ఒక్కరూ లేరు. ఒకరుంటే మేలే. ఏమప్పా శెట్టీ, నువ్వేమంటావ్?"

"నీ కొడుకుతో ఇంకో కేసు ఆడే ఓపిక నాకు లేదమ్మా," అన్నాడు శంకరనారాయణ.