చంపితేనే లోపలికి

ఫోనులో ఆటలు నాకు అలవాటు చేసింది మా అమ్మాయి కీర్తిప్రియ.

మార్చిలో నాకు గర్భసంచి తీసేశారు. మూడు నెలలు బరువులెత్తకూడదు, ఎక్కువ తిరగకూడదు అన్నారు డాక్టరమ్మ. కాయ దిగే రోజులు దగ్గరపడ్డాయి. మా ఆయన పొద్దున్నే తోటలోకి పోతే మళ్లీ అన్నానికే రావడం. మా ఇల్లు తోటలోనే ఉంటుంది. నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ పోయే దారిలో, రోడ్డుకి బాగా లోపలికి. పక్కిల్లు అంటూ లేదు. ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చిన పిల్ల నన్ను చూసి జాలిపడింది.

"ఇట్టా గోడకేసి చూస్తూ పడుకుంటే పిచ్చెక్కుతుందమ్మా" అని నా ఫోనులో ఆటలు ఎక్కించింది.

అన్నీ ఆడి చూశాను. ఒక్కోదాని మీద ఒక్కో అభిప్రాయం ఉండేది నాకు.

మిఠాయిలు మూడేసి కలిపి పగలగొట్టే ఆట మొదట. రంగులు బాగుంటాయి. కానీ ఎన్ని పగలగొట్టినా పైనుంచి పడుతూనే ఉంటాయి. అంట్లు తోమినట్టే. ఆ పని ఎటూ ఉందిగా అని మానేశాను. కార్ల పందెం కళ్లు తిప్పింది. తుపాకుల ఆట కీర్తిది. అందులో చచ్చినవాడు కాసేపటికి మళ్లీ లేచి నిలబడతాడు.

"ఇంకెందుకే వాణ్ణి చంపడం?" అన్నాను.

"నీకు అర్థం కాదులేమ్మా."

వ్యవసాయం ఆట ఒకటుంది. మామిడి మొక్క నాటితే మనం కాఫీ తాగి వచ్చేలోపు కాపుకొస్తుంది. తేనెమంచు పురుగు లేదు, పూత మాడిపోవడం లేదు, గాలివాన లేదు. మా ఆయనకి చూపించాను. పెరుగన్నం కలుపుకుంటూ చూసి, "ఇది చేసినవాణ్ణి ఒక్క ఏడు మన తోట కౌలుకి తీసుకోమను. ఆట తెలుస్తుంది" అన్నారు.

దెయ్యం ఆట కూడా పెట్టింది కీర్తి. పాడుబడ్డ ఇల్లు, చేతిలో టార్చి. ఒక్కో తలుపూ తీసుకుంటూ లోపలికి పోవాలి. నాకు నవ్వొచ్చింది.

"దెయ్యం ఉందని తెలిసీ ఎవరు పోతారే? దెయ్యమే మన ఇంట్లోకి రావాలని చూస్తుంది గానీ."

"నువ్వు ఫోన్ చేసి చెప్పమ్మా వాళ్లకి. మార్చేస్తారు" అని వెక్కిరించింది.

నాకు నచ్చింది అష్టాచెమ్మా ఒక్కటే. చిన్నప్పుడు నేల మీద సుద్దతో గళ్లు గీసి, చింతపిక్కలతో ఆడిన ఆట. ఫోనులో గవ్వలు వాటంతటవే దొర్లుతాయి. మనవి నాలుగు కాయలు, ఎదుటివాళ్లవి నాలుగు. బయటి గళ్ల చుట్టూ తిరిగి, లోపలి గళ్లలోకి వచ్చి, నడిమింటికి చేరితే కాయ పండినట్టు. దారిలో ఎదుటివాళ్ల కాయ దొరికితే చంపొచ్చు. చచ్చిన కాయ తన ఇంటికి పోయి మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్క నియమం మాత్రం గట్టిది. ఒక కాయనైనా చంపనిదే లోపలి గళ్లలోకి రానివ్వరు. అందాకా బయటే తిరుగుతూ ఉండాలి.

ఎక్కడెక్కడి వాళ్లతోనో ఆడుకోవచ్చు. మైకు నొక్కితే మాట్లాడుకోవచ్చు కూడా.

"మైకు మాత్రం నొక్కకమ్మా. ఎవరో ఏంటో" అని కీర్తి ముందే చెప్పింది.

నొక్కాను. పగలంతా మాట్లాడే మనిషి లేకపోతే ఎట్టా ఉంటుందో దానికేం తెలుసు.

"ఏం తిన్నారమ్మా ఇవాళ?"

తులసమ్మ నాతో అన్న మొదటి మాట అది. పెద్దావిడ గొంతు. నెమ్మది. అచ్చం మా వైపు మాటే. ఏ ఊరండీ అంటే, "విస్సన్నపేట అవతలండీ. మాదీ మామిడి తోటే" అంది.

రోజూ అన్నాలయ్యాక వచ్చేది. కుట్లు లాగుతున్నాయా అని అడిగేది. చల్ల తాగమనేది, ఎడమ పక్కకి తిరిగి పడుకోమనేది. కుట్ల మాట మా ఆయన అడగలేదు. మా అక్క అడగలేదు. నెల తిరక్కుండానే పిన్నిగారూ అనేశాను. ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది.

అన్నీ చెప్పుకున్నాను. ఆపరేషనై ఇంటికొచ్చిన రాత్రి దిండులో మొహం పెట్టి ఎంత ఏడ్చానో చెప్పాను.

"ఒక్క పిల్లేనా అమ్మాయ్?"

"ఒక్కటే పిన్నిగారూ. ఇంక ఆ మాటే లేదుగా."

"అయ్యో తల్లీ" అంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. నాకోసం ఏడ్చిన మనిషి అనుకున్నాను.

ఆవిడ ఆట మాత్రం వింతగా ఉండేది. చంపేది కాదు. నా కాయ ఎదురుగా ఉన్నా, గవ్వలు సరిగ్గా పడినా, ఇంకో కాయ జరిపేది. ఆవిడ కాయలు నాలుగూ బయటే చుట్టూ చుట్టూ తిరిగేవి. రోజూ నేనే గెలిచేదాన్ని.

"చంపండి పిన్నిగారూ. ఆటేగా!"

"అడక్కుండా ఎట్టా చంపుతానమ్మాయ్?" అనేది. ఎంత మంచిదో అనుకునేదాన్ని.

ఆవిడ వైపు నుంచి ఆకుల చప్పుడు వినపడేది. ఒక్కోసారి కోయిల. తర్వాత్తర్వాత బోరు మోటారు. మా మోటారు వేసినప్పుడే. తోట అన్నాక మోటారుండదా అనుకున్నాను. మా కుక్క మొరిగితే ఆ వైపు కూడా ఒక కుక్క మొరిగేది. దాన్నీ అట్టాగే సరిపెట్టుకున్నాను.

మే నెలాఖరు. ఆ రోజు అన్నాలు తింటుండగానే వెలుతురు పోయింది. పడమట నల్లగా లేచింది. ఆకు కదలడం లేదు. ఒళ్లంతా జిగట చెమట. చెట్ల మీద చిన్న రసాలు ఇంకా సగం ఉన్నాయి. గాలొస్తే ఏడాది కష్టం నేలపాలే. ఆయనా, తోట కాపలా చూసే యలమందా, కూలివాళ్లూ కాయ కోసే చిక్కాలు పట్టుకుని పరుగెత్తారు. కీర్తి కూడా లేచింది.

"నువ్వెందుకే?"

"బుట్టలు అందిస్తానమ్మా. నువ్వు ఆడుకో, మీ పిన్నిగారు వెయిటింగేమో!" అని కన్ను కొట్టింది.

తెలుసన్నమాట. సిగ్గేసి నవ్వాను. అది గంతులేసుకుంటూ చెట్లలోకి పోయింది.

ఆట తెరిచాను. తులసమ్మ అప్పటికే వచ్చి ఉంది. మైకులో గాలి హోరు. ఇక్కడ ఇంకా ఆకు కదలలేదు.

"మీకు గాలి వచ్చేసిందా పిన్నిగారూ?"

"వచ్చేసిందమ్మాయ్. మీకూ వస్తుంది."

ఆట మొదలైంది. ఆవిడ ఏదో చెబుతోంది. నేను ఊ కొడుతున్నాను. నా అలవాటది. ఊ కొట్టకపోతే చెప్పేవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. నా చూపు గవ్వల మీద, చెవి కిటికీ మీద. గాలి రాకముందే పిల్ల ఇంటికొస్తే బాగుణ్ణు అనుకుంటున్నాను.

"తిరిగి తిరిగి కాళ్లు పీకేస్తున్నాయమ్మాయ్."

"ఊ."

"ఎన్నాళ్లని బయటే ఉండను?"

"ఊ."

"లోపలికి రావాలని ఉంది."

"ఊ."

"ఒక కాయని చంపుకోనా?"

"ఊ."

మైకులో గాలి ఆగిపోయింది.

అదే క్షణంలో మా తోట మీద పడింది. వంటింటి కిటికీ రెక్క దబ్బుమని కొట్టుకుంది. కరెంటు పోయింది. పట్టపగలు గది చీకటైపోయింది. ఫోను వెలుగొక్కటే.

బోర్డు చూశాను. నా కాయలు నాలుగూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కటీ చావలేదు.

కానీ తులసమ్మ కాయ లోపలి గడిలో ఉంది.

"పిన్నిగారూ... ఆట తప్పింది. మీరు చంపకుండానే లోపలికి వచ్చారు."

"చంపే వచ్చాను."

"దేన్ని? నావి నాలుగూ ఉన్నాయిగా."

గుసగుసలాడినట్టు అంది. "నీకు నాలుగెక్కడివమ్మాయ్... ఒక్కటేగా."

సొన వాసన వచ్చింది. పచ్చికాయ తొడిమ విరిస్తే చిమ్ముతుందే, ఆ ఘాటు. గదంతా.

ఫోను విసిరేశాను. పరుగెత్తాను. కడుపులో కుట్ల దగ్గర ఎవరో పట్టి లాగినట్టుంది. బయట కళ్లు తెరవనివ్వడం లేదు దుమ్ము. కాయలు రాళ్లలా రాలుతున్నాయి. వీపు మీద, తల మీద. ఎక్కడో కొమ్మలు పటపటమన్నాయి. తర్వాత ఒక పెద్ద చప్పుడు. కాళ్ల కింద నేల అదిరింది. ఆ వెంటే వాన దంచింది.

ఆయన ఎదురొచ్చారు. బనియనుతో, తడిసిపోయి.

"కీర్తి ఏదండీ?"

"ఇంటికి రాలేదా? నువ్వే కేకేశావుగా!"

"నేనా?"

"అందరం విన్నాం సుజాతా. 'కీర్తీ, ఇట్రావే' అన్నావు. నీ గొంతు వినే బుట్ట పడేసి పరుగెత్తింది."

"ఎటు..."

ఆయన చెయ్యెత్తి చూపించారు. చూపించిన చోట మా పెద్ద చెట్టు కూలి ఉంది. వేళ్లు పైకి.

కొమ్మలన్నీ ఎత్తి చూశారు. యలమంద ఆకుల్లోకి దూరి పాకుతూ వెతికాడు. కింద ఎవరూ లేరు. బతికిన మనిషీ లేదు, చచ్చిన మనిషీ లేదు. నేను ఆ బురదలో కూర్చుండిపోయాను. ఆయనే రెక్క పట్టుకుని ఇంటికి నడిపించారు, ఒకసారి ఇంట్లో చూద్దాం పద అంటూ.

తలుపు బార్లా తీసి పరుగెత్తిన దాన్ని నేను. ఇప్పుడు మూసి ఉంది. లోపల గడియ.

ఆయన దబదబా కొట్టారు.

"ఎవరూ?"

తలుపు తెరుచుకుంది. కీర్తి.

"ఎక్కడికెళ్లావమ్మా ఇంత వానలో? ఒళ్లు బాగుండకపోతే ఎట్టా?" అంది.

ఆయన దాన్ని పట్టుకుని ఏడ్చారు, తిట్టారు, మళ్లీ ఏడ్చారు. నేను గడప ఇవతలే నిలబడ్డాను. దాని జుట్టు పొడిగా ఉంది. బట్టలు పొడిగా ఉన్నాయి. పాదాలకి ఒక్క బురద చుక్క లేదు. "నువ్వు చూసుకోలేదు, ముందే వచ్చేసి ఉంటుంది" అన్నారు ఆయన. మా ఇంటికి ఒకటే తలుపు. ఆ తలుపు పక్కనే నా మంచం.

అప్పటినుంచీ అది బాగానే ఉంది. నన్ను అమ్మా అనే పిలుస్తుంది. స్నేహితురాళ్లతో మాట్లాడుతుంది. చిన్నప్పటి సంగతులు ఏవి అడిగినా చెబుతుంది. ఫోను మాత్రం ముట్టుకోదు. ఒకరోజు ఉండబట్టలేక, ఆడుకోవేంటే అన్నాను.

"ఎందుకమ్మా, ఆట అయిపోయిందిగా" అంది.

ఆయనకి చెబితే విసుక్కున్నారు. "పిల్ల ఫోను వదిలేసిందని లోకంలో ఏడ్చే తల్లివి నువ్వొక్కదానివే."

నాకు వేళకి అన్నం పెడుతుంది. చల్ల కలిపిస్తుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకోమంటుంది. కుట్లు లాగుతున్నాయా అని అడుగుతుంది. ఎంత ప్రేమగా అడుగుతుందో. అంతకు ముందు నా పిల్ల ఒక్కసారి కూడా అడగలేదు ఆ మాట.

ఆట మళ్లీ తెరిచాను. తులసమ్మ పేరే లేదు అందులో. నా రహస్యాలన్నీ విని, నా కోసం ఏడ్చి, నా నోటితోనే ఊ అనిపించుకుని పోయింది. పోయిందా...

చచ్చిన కాయ తన ఇంటికి పోయి మళ్లీ మొదలుపెట్టాలి. మొదట్లో ఆ మాట పట్టుకుని ధైర్యం తెచ్చుకున్నాను. ఎక్కడిదా ఇల్లు? నా పిల్ల బయల్దేరిన ఇల్లు? మార్చిలోనే కోసి తీసేశారు. ఆ సంగతి ఆవిడకి చెప్పింది నేనే.

ఆషాఢం వచ్చేసింది. నూజివీడు మొత్తం మీద చెట్టున కాయ లేదు. కూలిన చెట్టు ఆకులన్నీ ఎండి గలగలమంటున్నాయి. దాన్ని కొట్టేయమని ఆయన యలమందకి చెప్పారు. పొద్దున గొడ్డలితో పోయినవాడు కాసేపటికే తిరిగొచ్చాడు.

"అమ్మగారూ, ఒకసారి వస్తారా?"

వెళ్లాను. ముసురు పట్టి ఉంది. ఎండిన కొమ్మకి, ఎండిన ఆకుల మధ్య ఒక్క కాయ వేలాడుతోంది. పచ్చగా, నిగనిగలాడుతూ.

"కోద్దామని పట్టుకున్నానండీ..." అన్నాడు. చెయ్యి లుంగీకి తుడుచుకుంటున్నాడు. నా మొహం చూడటం లేదు. "వెచ్చగా ఉందండమ్మా."

నేనూ పట్టుకున్నాను. చుట్టూ కొమ్మలన్నీ వానకి చల్లబడి ఉన్నాయి. ఆ కాయ మాత్రం జ్వరం వచ్చిన పిల్ల నుదురులా ఉంది.

చెట్టు కొట్టొద్దన్నాను. ఎందుకని ఆయన అడిగితే చెప్పలేదు. రోజూ ఒకసారి వెళ్లి, పట్టుకుని చూసి వస్తాను. నేను పోయి వచ్చిందాకా ఇంట్లో అది కిటికీ దగ్గరే నిలబడి ఉంటుంది.

నిన్న తొడిమ దగ్గర పసుపు తిరిగింది.