ఎర్రబడిన నల్లపొడి

మెర్సీ చెప్పులైనా విడవకుండా లోపలికి వచ్చి, డిటెక్టివ్ సువర్ణరాజు బల్లమీద గాజుసీసా పెట్టింది. అందులో ఇటుకరంగు పొడి.

"ఇది నల్లగా రావాలండి. గాలి తగలకుండా ఫర్నేసులోకి వదిలే నైట్రోజన్ గ్యాసుని రాత్రి ఎవరో కట్టేశారు. గాలి తగిలి ఇనుము తుప్పుపట్టింది. నేనే మర్చిపోయానని మా ల్యాబ్ ఓనరు ఆనంద్ బాబుగారు పోలీసులకి అప్పజెబుతానంటున్నారు."

ఖరీదైన కోబాల్ట్ బదులు ఇనుము, ఫాస్ఫేట్లతో బ్యాటరీ లోపల వాడే కేథోడ్ పొడి చేయడం మెర్సీ పని. తొందరగా నిప్పంటుకోని సరుకు. కరెంటు పారే బొగ్గుపొర కోసం అందులో మామిడి టెంకలోని జీడి పిండిచేసి కలిపి కాలుస్తుంది.

అసిస్టెంట్ కీర్తిప్రియతో సువర్ణరాజు మెర్సీ వెంట ల్యాబ్ ఉన్న రెడ్డిగూడెం వెళ్లాడు. ఒకే షెడ్డులో ఇటు ల్యాబ్, అటు షెడ్డు యజమాని కృష్ణకాంత్ మామిడికాయలు మగ్గేసే గదులు.

"పొద్దున్న ల్యాబ్ తలుపు బార్లా తీసుందండి," అన్నాడు వాచ్‌మన్ చిన్నరాయప్ప. "మూసుకోకుండా ట్రే అడ్డం పెట్టుంది. ఫ్యాను తిరుగుతోంది. తాళంచెవి బయట మేకుకే ఉంటదండి."

"మీరు తలుపు తీసి ఉంచుతారా?" మెర్సీని అడిగాడు సువర్ణరాజు.

"అస్సలు ఉంచమండి, దుమ్ము పడుతుంది," అంది మెర్సీ. "ఫర్నేసు గ్యాసు గొట్టంలోంచి బయటికే పోతుంది."

"నోర్ముయ్! చేసిందంతా చేసి!" కసిరాడు ఆనంద్ బాబు.

"ఇద్దరూ ఖాళీ చేయండి," అన్నాడు కృష్ణకాంత్. "నా కాయలకే చోటు చాలట్లేదు."

ఇంత కసి మధ్య సువర్ణరాజు ఆవులించడం చూసి, ఆయనకేదో దొరికిందని కీర్తిప్రియకి అర్థమైంది. ఆధారం దొరికితే ఆవులించడం ఆయన అలవాటు.

ఆయన ల్యాబ్ మూయించి, కాసేపటికి అందరినీ పిలిచి తలుపు తీశాడు. "రండి."

మెర్సీ, ఆనంద్ బాబు, చిన్నరాయప్ప తిన్నగా లోపలికి నడిచారు. కృష్ణకాంత్ మాత్రం కాలితో ట్రే తలుపుకి నెట్టి, ఫ్యాను స్విచ్ నొక్కి, గుమ్మంలోనే ఆగాడు.

"రారేం?"

"గాలి మారనివ్వండి..." అని, నాలుక కరుచుకున్నాడు.

"మగ్గేసే గదిలోకి గాలి మారకుండా వెళ్తే, కాయల గ్యాసు నిండి ఊపిరాడదు," అన్నాడు సువర్ణరాజు. "మీ కాళ్లూ చేతులూ ఏళ్లుగా నేర్చిన జాగ్రత్త అది. ఇక్కడ దాని అవసరం లేదు, ల్యాబ్‌వాళ్లు చేయరు. రాత్రి వచ్చినాయన చేశాడు. ఆ తర్వాతే నైట్రోజన్ వాల్వు కట్టేశాడు. పొడి పాడైతే ల్యాబ్ ఇక్కణ్ణించి ఖాళీ అయిపోతుందని!"

"నా షెడ్డు! నా ఇష్టం!" అరిచాడు కృష్ణకాంత్.

"షెడ్డు మీదే. పొడి నాది," అంది మెర్సీ.

ఆనంద్ బాబు ఫర్నేసు వైపు చూస్తూ, "మళ్లీ ఎప్పుడు కాలుస్తావమ్మా?" అన్నాడు.

"నన్నన్న మాట వెనక్కి తీసుకోండి సార్. వీళ్లందరి ముందూ."

ఆయన తీసుకున్నాడు, నేలచూపులు చూస్తూ. మెర్సీ ట్రేని బయటికి తన్ని, తలుపు మూసింది.