సదానందం గొంతున్న డబ్బ

విసాపూర్ దాటినంక మట్టి బాట పక్కపొంటి ఒక మక్క చేను ఉన్నది. పొద్దుగూకినంక గా బాటెంట ఎవలు పోరు. ఎంత తొందరున్నా డాంబర్ రోడ్డు మీదికెళ్లి చుట్టు తిరిగి పోతరు. మరాఠోళ్లు దాన్ని ‘భూతాచ శేత్’ అంటరు, దయ్యం చేను అని. మనోళ్లు పేరే ఎత్తరు.

ఎందుకంటరా... గా చేన్ల సచ్చిపోయిన సదానందం మాట్లాడుతడు.

దగ్గుతడు. తిడుతడు. “హోయ్... ఎవడ్రా చేన్ల... కాళ్లు ఇరగ్గొడ్త” అంటడు. ఉండుండి పెండ్లాన్ని పిలుస్తడు — “వనితా... ఓ వనితా...” పాలు పోసే పోచన్న ఓ దినం తెల్లారకముందు అటుకెళ్లి వస్తుంటే గొంతు ఇనవడ్డది. అది సరే... చేను నడుమ పాతిన కట్టె కింద తెల్లగ ఏదో కూసోని ఉన్నది. కదుల్తలేదు. మెదుల్తలేదు. పోచన్న పాలన్ని బాటల పారవోసి ఉరికిండు. వారం దాక జరంల ఒర్రుకుంట పన్నడు.

నేను ఇన్నది ఇన్నట్టు జెప్తున్న. నమ్మితే నమ్మున్రి, లేకుంటే మీ ఇష్టం.

గొంతు కట్టెకున్న డబ్బల నుంచి వస్తదని పగటిపూట అందరికి ఎరుకే. రాత్రిపూట గా ఎరుక ఎవలకు అక్కెరకొస్తది? అయినా తెల్లగ కూసున్నదాని సంగతి ఏంది?

డబ్బ చేసింది సంజయ్. సదానందానికి చిన్నబాపు కొడుకు, బల్లార్‌పూర్‌ల కంప్యూటర్ దుకాన్ల పనిజేస్తడు. వాని చేతిల పడితే ఏ ఫోనైనా మనిషిని బట్టి మారిపోవుడే. లస్మవ్వకు సదువు రాదు — ఆమె ఫోన్ల పేర్లు తీసి ఫోటోలు వెట్టిండు, బిడ్డ మొఖం మీద ఒత్తితే బిడ్డకే పోతది. బొగ్గుబాయి పనోళ్లకు షిఫ్టును బట్టి లేపే గంటలు వెట్టిండు. గట్టయ్యకు భజన పాడుకునే మైకు కుదిరిచ్చిండు.

ఇగ ఇంట్ల వాని సొంత టేబులు చూడాలె. రెండు తెరలు, రంగు రంగుల దీపాల కీబోర్డు, గొంతు రికార్డు జేసే మైకు, చెవులు రెండు మొత్తం కప్పే హెడ్‌ఫోన్. అది వెట్టుకుంటే గనుల బ్లాస్టింగ్ అయినా వానికి ఇనవడది. గా ముచ్చట వాడు అందరికి గొప్పగ జెప్పుకునేటోడు.

అడివి పందులు మక్క మేస్తున్నయని సదానందం తిప్పలు వడుతుంటే, పాత ఫోను, స్పీకరు, సోలార్ పలక కలిపి సంజయే గా డబ్బ కట్టిండు. పందులంటే తెలివైనయి. ఒక్క తీరు కూతకు నాలుగొద్దులల్ల అలవాటు పడ్తయ్. అందుకే అన్న గొంతును తీరు తీరుగ ఎక్కిచ్చిండు — దగ్గు, తిట్టు, పాట, పెండ్లాన్ని పిలిచే పిలుపు. ఏది ఎప్పుడొస్తదో డబ్బకే తెల్వాలె. పందులు అటు దిక్కు రాకుంట అయినయ్. వనిత ఇంట్ల పండుకోని ఇని నవ్వుకునేది. “ఇంట్ల నోరిప్పని మనిషి చేన్ల ఎంత మంచిగ పిలుస్తుండు” అనేది.

సదానందం సావును ఊరంత ఒక్క తీరుగనే జెప్తది. బొగ్గుబాయిల రెండో షిఫ్టు దిగి బండి మీద వస్తుండు. చేను కాడ ఆగిండు. పంది కొట్టింది, తొడ చీరుకపోయింది, నెత్తురు పోయి సచ్చిండు. తెల్లారకముందు సంజయే చూసి మొత్తుకున్నడు. రాత గట్లున్నది, ఎవలేం జేస్తరన్నరు.

రాజలింగు ఒక్కడు మాత్రం — “డబ్బ ఒర్రుతుంటే పంది ఎట్ల వచ్చిందే...” అన్నడు. ఎవలు పట్టిచ్చుకోలే.

సంజయ్‌కు గా మాట ముల్లు లెక్క దిగింది. ఎందుకంటే... ఆ రాత్రి డబ్బ చేన్ల లేదు.

పొద్దుగూకేటప్పుడు వాడే ఇప్పుకొచ్చిండు, కొత్త మాటలు ఎక్కిద్దామని. ఎవలకు జెప్పలే. తెల్లారకముందు మల్ల పెట్టొస్త, గింత దానికి జెప్పుడేంది అనుకున్నడు. హెడ్‌ఫోన్ వెట్టుకొని, అన్న గొంతును సాపు జేసుకుంట రాత్రంత కూసున్నడు. షిఫ్టు దిగిన సదానందం, చేన్ల సప్పుడు లేదేందని బండి ఆపి లోపటికి దిగిండు — పందులు ఆడనే ఉన్నయ్.

తెల్లారకముందు సంజయ్ డబ్బ పట్టుకొని పోతే, అన్న మట్టిల బోర్ల పడి ఉన్నడు. పెయి సల్లబడ్డది. గప్పుడు వాడేం జేసిండో ఇనున్రి. ముందుగాల డబ్బను కట్టెకు కట్టిండు. తీగెలు కలిపిండు. అటెనుక... మొత్తుకున్నడు.

థూ. గిసొంటి పని పగోడు గూడ జెయ్యడు.

మక్కలు ఇరిసిన్రు, సొప్ప కోసిన్రు. వనిత మాత్రం డబ్బ దించనియ్యలే. “ఆయన గొంతు గదొక్కటే మిగిలింది” అన్నది. సంజయ్ ఏమంటడు? తేలు కుట్టిన దొంగ లెక్క నోరు మూసుకున్నడు. చేనుకు అందరికన్న దగ్గరిల్లు వానిదే. రోజు రాత్రి గా గొంతు కిటికీలకెళ్లి వస్తుంటే, వానికి తిండి పోయింది, నిద్ర పోయింది. పోచన్న ముచ్చట ఇన్నంక ఉన్న పానం గూడ జారిపోయింది. ఇగ లాభం లేదనుకొని ఓ రాత్రి తీగెలు కోసే పట్టుకారు తీసుకొని ఎల్లిండు.

బాట మీద మనిషి లేడు. కోసిన చేన్ల మక్క కొయ్యలు కాళ్లకు గుచ్చుతున్నయ్. నాలుగడుగులు ఏసిండో లేదో — “హోయ్... ఎవడ్రా చేన్ల...”

తనే ఎక్కిచ్చిన మాట. అయినా వాడు ఆడనే ఆగిండు.

కట్టె కింద... తెల్లగ... కూసోని ఉన్నది.

“ఎవలు...” అన్నడు.

“నేనే సంజయ్... కూసో.”

వనిత. సదానందం కప్పుకునే తెల్ల దుప్పటి నెత్తి నిండ కప్పుకున్నది.

“గీ సలిల ఏం జేస్తున్నవ్ వదినా...”

“ఇంటున్న.”

పట్టుకారు ఎనుకకు దాచి వాడు పక్కన కూసున్నడు. పైన డబ్బ దగ్గింది. ఆమె దగ్గు అయిపోయినదాక ఆగి, గుసగుసగ జెప్పింది.

“ఆ రాత్రి నేను ఇన్న సంజయ్... ‘వనితా... లేవస్తలేదే... రావే...’ అన్నడు. డబ్బనే అనుకున్న. నువ్వు కొత్తయి ఎక్కిస్తవని ఆయన జెప్పి ఉండె. దుప్పటి మొఖం మీదికి గుంజుకొని పన్న.”

సంజయ్ పైన డబ్బ దిక్కు చూసిండు.

“అప్పటికెళ్లి రోజు వచ్చి ఇంటున్న. దగ్గు వస్తది... పాట వస్తది... తిట్టు వస్తది. గదొక్కటి వస్తలేదు.” వాని దిక్కు తిరిగింది. “గది డబ్బదే గద సంజయ్... నువ్వు ఎక్కిచ్చిందే గద?”

డబ్బదైతే ఆమె తప్పు లేదు. డబ్బది గాకుంటే, మొగడు పిలుస్తుంటే ఇని పండుకున్నది. ఆమె బతుకంత గా ఒక్క మాట మీద ఆగి ఉన్నది. వాడు నిజం జెప్పొచ్చు — అప్పుడు గూడ జెప్పొచ్చు.

“డబ్బదే వదినా,” అన్నడు. “ఒక్కోటి తిరిగి రావాలంటే శాన దినాలు పడ్తది. వస్తది.”

ఇంటికి పోయి తెర ముందట కూసున్నడు. రికార్డు జేసిన నాటి ముచ్చట్లన్ని వాని కాడ ఉన్నయ్. మోకాలు నొస్తుందని సదానందం నవ్వుకుంట అన్న “లేవస్తలేదు” దొరికింది. ‘వనితా’ ఒక కాడ, ‘రావే’ ఇంకో కాడ దొరికినయ్. కోసిండు, అతికిచ్చిండు. నవ్వును తీసేసిండు. గొంతును సాగదీసి నొప్పి వెట్టిండు. పని మంచిగ కుదిరింది. వాని చేతిల పని గసొంటిది మరి.

మరునాడు పగలే పోయి డబ్బల ఎక్కిచ్చిండు. రాత్రి వనిత పక్కన కూసున్నడు. దగ్గు వచ్చింది. పాట వచ్చింది. శానసేపు ఏం రాలే...

“వనితా... లేవస్తలేదే... రావే...”

ఆమె కండ్లు మూసుకున్నది. ఏడుస్తదనుకున్నడు. ఏడ్వలే.

“గొంతు ఆయనదే,” అన్నది మెల్లగ. “మాటలు గూడ గవే.”

ఇగ గండం గడిచిందనుకొని సంజయ్ లేవబోయిండు.

“కని సంజయ్... ఆ రాత్రి నన్ను ఒక్కపారే పిలిచిండు. అటెనుక అంత నీ పేరే. ‘సంజుగా... సంజుగా...’ అనుకుంట శానసేపు పిలిచిండు. నీ కిటికీల దీపం ఆయనకు కనవడుతుండె గద. నిన్న నేను గది నీకు జెప్పలే. ఎక్కిచ్చినోనివైతే నీకే ఎరుకుండాలె అనుకున్న.”



వనిత లేచింది. దుప్పటి తీసి వాని భుజాల మీద ఏసి, ఊరి దిక్కు నడిచింది. ఎనుక నుంచి డబ్బ మల్ల పిలిచింది — “లేవస్తలేదే... రావే...” ఆమె తిరిగి చూడలే.

ఆనాటికెళ్లి వనిత రాత్రిపూట గడప దాటలే. డబ్బ మాత్రం ఒర్రుతనే ఉన్నది. కట్టె కింద తెల్లగ ఏదో ఇంక కూసునే ఉంటదని అటు పోయినోళ్లు జెప్తరు. దగ్గరికి పోయి చూసినోళ్లు లేరు. సంజయ్ ఇంటి కిటికీ మాత్రం రాత్రిళ్లు చీకటిగనే ఉంటది.